నాలుగో రోజు తర్వాత ఖాళీ పేజీలు

ఈ వారం ఉత్తరం తిరుపతి నుంచి వచ్చింది. పదకొండు పేజీలు, రెండు వైపులా రాసినవి. రాసిన అమ్మాయి తన పేరు వేయవద్దన్నారు. పేరు వేయడం లేదు, గుర్తుపట్టడానికి వీలున్న వివరాలు కొన్ని మార్చాను కూడా.

ఆమెకు 26 ఏళ్ళు. సొంత ఊరు చిత్తూరు జిల్లాలో ఒక పల్లె. తండ్రికి నాలుగెకరాల తోతాపురి తోట. పదో తరగతి వరకు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో తెలుగు మాధ్యమం, చిత్తూరులో డిగ్రీ, తిరుపతిలో ఎమ్మెస్సీ. రెండో ప్రయత్నంలో జె.ఆర్.ఎఫ్. అనే పరిశోధన ఫెలోషిప్ వచ్చింది. ఇప్పుడు కణ భౌతికశాస్త్రంలో పీహెచ్‌డీ మూడో ఏడు. బి-మెసాన్లనే కణాలు అరుదైన దారుల్లో ఎలా విచ్ఛిన్నమవుతాయో లెక్కగట్టడం ఆమె పని.

పోయిన జూలైలో ఐరోపాలో రెండు వారాల అంతర్జాతీయ సమ్మర్ స్కూల్‌కు గైడ్ పేరు పంపితే ఎంపికయ్యారు. విమానం ఎక్కడం అదే మొదటిసారి. మూడు రోజులు బాగానే సాగింది. నాలుగో రోజు నుంచి ఉపన్యాసాలు తలకెక్కలేదు. ఐదో రోజు మధ్యాహ్నం ట్యుటోరియల్‌లో సగం లెక్క బోర్డు మీద వేసి, మిగిలింది పూర్తి చేయమని ఆమెను పిలిచారు. సుద్దముక్క పట్టుకుని అలాగే నిలబడిపోయారు. ఒక కుర్రవాడు కూర్చున్న చోటు నుంచే మిగతా లెక్క నోటితో చెప్పేశాడు. ఆ తర్వాత ఆమె చివరి వరుసలోకి మారారు. తొమ్మిదో రోజు ఉపన్యాసం బి-మెసాన్ల మీదే, అంటే తన సొంత విషయం మీదే. తలనొప్పి అని చెప్పి గదిలో పడుకున్నారు. "నా నోటుపుస్తకంలో నాలుగో రోజు తర్వాత తేదీలు మాత్రమే ఉన్నాయి. వాటి కింద ఏమీ లేదు" అని రాశారు.

తిరిగి వచ్చాక ఇంకో చిక్కు. స్కూల్ జరిగింది జెనీవా దగ్గరున్న పెద్ద కణ భౌతికశాస్త్ర ప్రయోగశాల సెర్న్‌లో కాదు, దానికి చాలా దూరంగా ఒక చిన్న పట్టణంలో. నాన్నగారు ఎవరితోనో చెప్పారు, వాళ్ళు ఇంకెవరితోనో చెప్పారు, చివరికి జిల్లా పేజీలో సెర్న్‌కు వెళ్ళివచ్చిన పల్లె బిడ్డగా ఫొటో పడింది. చదువుకున్న ఉన్నత పాఠశాలలో శాలువా కప్పారు. ఆమె ఆ తప్పును సరిదిద్దలేదు. స్కూల్ గురించి డిపార్ట్‌మెంట్‌లో సెమినార్ ఇవ్వమంటే మూడుసార్లు వాయిదా వేశారు. "పంపించింది ఊళ్ళు చూసి రమ్మని కాదు" అని గైడ్ పదిమందిలో అన్నారు.

ఇప్పుడు ఈ జూలైకి మరో సమ్మర్ స్కూల్ నుంచి ఎంపికయినట్టు మెయిల్ వచ్చింది. వస్తున్నదీ లేనిదీ నెలాఖరులోగా చెప్పాలి. బస వాళ్ళే ఇస్తారు. విమానం టికెట్టు, సగం ఫీజు, వీసా అన్నీ కలిపి లక్షన్నర దాకా అవుతుందట. ఫెలోషిప్ ఆరు నెలలుగా రాలేదు. తోటను పూత మీదే వ్యాపారికి గుత్తకు ఇచ్చేస్తానని నాన్నగారు అంటున్నారు. బెంగళూరు సంబంధం సంగతి ఉగాదిలోపు తేల్చమని అమ్మగారు. ఎమ్మెస్సీలో తోటి విద్యార్థులు ఇద్దరు అదే బెంగళూరులో డేటా ఉద్యోగాల్లో స్థిరపడ్డారు.

ఆమె ప్రశ్న ఇది: "మళ్ళీ వెళ్ళి మళ్ళీ అదే అవమానం పడాలా? నేను ఈ శాస్త్రానికి తగనని ఒప్పుకుని ఇక్కడితో ఆపేయడమే నిజాయితీ కదా?"

* * *

అమ్మా, మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడోసారి ఏడో పేజీలో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. "రాత్రిళ్ళు గదిలో బ్రెజిల్ అమ్మాయికి గామా మాత్రికల ట్రేస్‌లు తీయడం నేర్పడం తప్ప నేను అక్కడ చేసిందేమీ లేదు." ట్రేస్‌లంటే కణాల లెక్కల్లో తరచు వచ్చే ఒక మెట్టు. ఆ బ్రెజిల్ అమ్మాయి ప్రస్తావన ఇంకో చోట కూడా ఉంది: డిసెంబరులో మెయిల్ రాసిందనీ, సిగ్గుపడి జవాబివ్వలేదనీ. అన్ని పేజీల్లోనూ మీ గురించి మీరు చెప్పుకున్న మంచి మాట ఆ ఒక్కటే. దానికి కూడా వెనక "తప్ప" తగిలించారు. ఈ వాక్యం దగ్గరికి మళ్ళీ వస్తాను.

ఈ శీర్షికకు ఎక్కువగా అత్తాకోడళ్ళ ఉత్తరాలు, ఆస్తి తగాదాల ఉత్తరాలు వస్తుంటాయి. మీది వచ్చినప్పుడు నాకు లోపల చిన్న సంబరం కలిగిన మాట నిజం. డిగ్రీ కళాశాలలో భౌతికశాస్త్రం చెప్పి రిటైరయినదాన్ని. 1986లో ఇటలీలోని ట్రియెస్టేలో ఇలాంటి స్కూల్‌లోనే నాలుగు వారాలు ఉన్నాను. రెండో వారం సగంలో సముద్రం ఒడ్డున కూర్చుని, ఇంటికి వెళ్ళిపోవడానికి ఏ కారణం చెబితే నమ్ముతారా అని ఆలోచించాను. మా అమ్మకు బాగోలేదని చెబుదామనుకున్నాను. బతికున్న తల్లికి లేని జబ్బు అంటగట్టడానికి నోరు రాక ఆగిపోయాను, ధైర్యం ఉండి కాదు. అందుకని మీ తలనొప్పి సంగతి నాకు బాగా అర్థమవుతుంది.

ఈ స్కూళ్ళు ఎందుకు పుట్టాయో కాస్త చెప్పనివ్వండి. మీరు దాన్ని పరీక్ష హాలులా చూసి వచ్చారు, అసలు చిక్కు అక్కడే మొదలయిందని నా అనుమానం. రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఫ్రాన్సులో కొత్త భౌతికశాస్త్రం చెప్పేవారు కరువయ్యారు. 1951లో సెసిల్ డివిట్-మోరెట్ అనే, అప్పటికి ముప్పై ఏళ్ళు కూడా నిండని శాస్త్రవేత్త ఆల్ప్స్ కొండల్లో లెజూష్ అనే చోట ఎనిమిది వారాల వేసవి పాఠశాల మొదలుపెట్టింది. తమ దేశపు పిల్లలు వెనకబడ్డారని ఒప్పుకుని పెట్టిన బడి అది. అదే ఏడు పాకిస్తాన్ శాస్త్రవేత్త అబ్దుస్ సలాం కేంబ్రిడ్జ్ చదువు ముగించి లాహోరుకు తిరిగి వెళ్ళాడు. తన విషయం మాట్లాడడానికి అక్కడ ఒక్కరు లేరు. పాఠాలతోపాటు కళాశాల ఫుట్‌బాల్ జట్టును చూసుకునే పని అప్పగించారు. మూడేళ్ళు చూసి 1954లో మళ్ళీ ఇంగ్లండ్ వెళ్ళిపోయాడు. మాతృభూమా, శాస్త్రమా అని తేల్చుకోవలసి రావడం ఆయనను జీవితాంతం బాధించింది. ఇంకెవరికీ ఆ గతి పట్టకూడదనే 1964లో ట్రియెస్టేలో సిద్ధాంత భౌతికశాస్త్ర కేంద్రం పెట్టాడు. మన వంటి దేశాల వాళ్ళు కొన్నాళ్ళు వచ్చి, నేర్చుకుని, మాట్లాడుకుని, మళ్ళీ తమ ఊరికి పోయి పని చేసుకోవాలని. నోబెల్ ఆయనకు తర్వాత ఎప్పుడో 1979లో వచ్చింది.

సెర్న్ వాళ్ళు రష్యాలోని దుబ్నా అణు పరిశోధన సంస్థతో కలిసి పెట్టిన స్కూళ్ళు 1970లో ఫిన్లాండ్‌లో మొదలయ్యాయి. అమెరికా, రష్యాలు ఒకదాని ముఖం ఒకటి చూసుకోని రోజులవి. ఆ స్కూళ్ళలో ఇద్దరు విద్యార్థులకు ఒక గది ఇస్తారు. వీలైనంత వరకు ఆ ఇద్దరూ వేర్వేరు దేశాల వాళ్ళు అయ్యేలా చూస్తారు. ఆ వరసలోనే ఆసియా, ఐరోపా, పసిఫిక్ దేశాలకు కలిపి పెట్టిన స్కూల్ 2014లో మన పక్కన పూరీలో జరిగింది. గదులు కలపడం ఖర్చు తగ్గించుకోవడానికని అనుకుంటారు చాలామంది. పగలు హాలులో జరిగే చదువు ఎంతో, రాత్రి గదిలో జరిగేది కూడా అంతే అని అనుభవంతో తెలిసినవాళ్ళు చేసిన ఏర్పాటు అది. ఆ ఏర్పాటు మీ విషయంలో పనిచేసింది. పనిచేసిందని మీరే గమనించలేదు.

ఇక నాలుగో రోజు సంగతి. లెక్క వేసి చూడండి. రోజుకు నాలుగు ఉపన్యాసాలు, నలుగురు వేర్వేరు మనుషులు. ప్రామాణిక నమూనా ఒకరు, క్వార్కుల మధ్య బలం ఒకరు, న్యూట్రినోలనే కణాలు ఒకరు, విశ్వోద్భవం ఒకరు. ప్రతి ఉపన్యాసకుడూ మొదటి గంట అందరికీ అర్థమయ్యేలా చెబుతాడు. రెండో, మూడో గంటలు శ్రద్ధగా వినేవారికి. నాలుగో గంటకు హాలు మరిచిపోయి తన రంగంలో తోటివాళ్ళతో మాట్లాడుతుంటాడు. నాలుగో రోజుకు అందరి నాలుగో గంటలూ ఒకేసారి వచ్చి మీద పడతాయి. మీకే కాదు, ముందు వరుసలో తల ఊపుతున్నవాళ్ళకీ పడతాయి. తల ఊపడం కొన్ని దేశాల్లో బాగా నేర్పుతారు. న్యూట్రినోల గురించి చెప్పే పెద్దమనిషి క్వార్కుల గంటలో కూర్చుంటే ఆయన నోటుపుస్తకం కూడా అంత నిండుగా ఉండదు. ఇది ఓదార్పుకు చెప్పడం లేదు. ట్రియెస్టేలో ఒక ఉపన్యాసకుడు భోజనం దగ్గర మా ముందే ఒప్పుకున్నాడు.

మీ బ్రెజిల్ స్నేహితురాలు డిటెక్టర్ల మీద పనిచేస్తుందన్నారు. అయితే ట్రిగ్గర్ గురించి ఆమె చెప్పే ఉంటుంది. సెర్న్‌లో 27 కిలోమీటర్ల సొరంగంలో ప్రోటాన్ల గుంపులు సెకనుకు నాలుగు కోట్ల సార్లు ఎదురుపడతాయి. అన్నిటినీ దాచుకునే సత్తా ఏ కంప్యూటర్‌కూ లేదు. కొద్ది వేలు మాత్రం ఉంచుకుని మిగిలినదంతా అక్కడికక్కడే వదిలేస్తారు. ఏది ఉంచాలో ముందే తెలిసి ఉండాలి, లేకపోతే అంత యంత్రమూ దండగ. మీరు ఏది ఉంచుకోవాలో అనుకోకుండా వెళ్ళారు, అన్నీ పట్టుకోవాలని చూశారు, చేతిలో ఏమీ మిగలలేదు. ఉంచుకోవలసినది ఒకటి ఉంది, తొమ్మిదో రోజున. ఆ రోజు మీరు గదిలో పడుకున్నారు.

ఇక్కడ కొంచెం కటువుగా మాట్లాడతాను. బోర్డు ముందు నిలబడిపోవడం తప్పు కాదు, ఎవరికైనా జరుగుతుంది. ఆ కుర్రవాడు నోటితో లెక్క చెప్పడం అతని మర్యాదకు సంబంధించిన విషయం. తొమ్మిదో రోజు వెళ్ళకపోవడం మాత్రం మీ తప్పు. ఆ హాలులో ఆ రోజు చెప్పింది అర్థం చేసుకునే సన్నద్ధత ఉన్న కొద్దిమందిలో మీరు ఒకరు. మూడేళ్ళుగా అదే పని చేస్తున్నారు. ఐదో రోజు అవమానానికి తొమ్మిదో రోజును కూడా బలి ఇచ్చారు. ఇప్పుడు పీహెచ్‌డీని కూడా ఇద్దామా అని నన్ను అడుగుతున్నారు.

ఆ ఉపన్యాసం ఎక్కడికీ పోలేదు లెండి. ఇలాంటి స్కూళ్ళ పాఠాలు చాలావరకు తర్వాత వ్యాసాలుగా వస్తాయి. సెర్న్ స్కూళ్ళవైతే పుస్తకాలుగా వేసి అందరికీ ఉచితంగా ఇస్తారు. సెర్న్‌లో ప్రతి వేసవిలో విద్యార్థులకు చెప్పే ఉపన్యాసాల వీడియోలు కూడా ఉచితమే. మీరు వెళ్ళిన చోటి పాఠాల ఫైళ్ళు మీ మెయిల్‌లో ఎక్కడో ఉండే ఉంటాయి, తెరిచి ఉండరు.

ఈ జూలై ప్రయాణం దగ్గరికి వద్దాం. వెళ్ళడం ఒక దారి. వెళితే ఈసారి మీ దగ్గర కిందటిసారి లేనిది ఒకటి ఉంటుంది, నాలుగో రోజు ఎలా ఉంటుందో తెలియడం. కార్యక్రమ పట్టిక రాగానే మీ థీసిస్‌కు పనికొచ్చే రెండు వరుసల ఉపన్యాసాలు ఎంచుకుని, వాటికి కావలసిన పాత పాఠాలు ఏప్రిల్, మే నెలల్లో చదువుకుని వెళ్ళవచ్చు. మిగతావి ఊరికే చెవిన వేసుకోవచ్చు. అలాంటి స్కూళ్ళలో పోస్టర్ పెట్టే అవకాశం ఉంటే పెట్టండి. పోస్టర్ ముందు నిలబడితే మీ దగ్గరికి వచ్చేవాడు మీ విషయం అడగడానికే వస్తాడు, మీరు బోర్డు దగ్గరికి వెళ్ళనక్కరలేదు. ఆంగ్లం గురించి రాశారు. హాలులో లేచి అడగడం కష్టమైతే టీ విరామంలో కాగితం ముక్క పట్టుకుని "ఈ మెట్టు నుంచి ఈ మెట్టుకు ఎలా వచ్చారు?" అని అడగండి. దానికి పది మాటల ఆంగ్లం చాలు, మిగిలింది సమీకరణమే మాట్లాడుతుంది. సగం మంది ఉపన్యాసకులకు కూడా ఆంగ్లం పరాయి భాషే. అయినా మళ్ళీ భయం వేయదని హామీ ఇవ్వలేను. వేస్తుంది. కిందటిసారి పోయింది పది రోజులైతే ఈసారి మూడు రోజులు పోవచ్చు.

డబ్బు సంగతి ఇందులోనే ఉంది. తోట విషయంలో మాత్రం నా అభిప్రాయం గట్టిగానే చెబుతాను. పూత మీద గుత్తకు ఇస్తే వ్యాపారి ఇచ్చేది తన నష్టభయం తీసివేసుకున్న ధర. కాపు బాగా వచ్చి, ధర పలికితే ఆ లాభం నాన్నగారిది కాదు. ఇక ధర పడిపోతే గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందు రెండు రోజులు ట్రాక్టరు బారులో నిలబడే బాధ తప్పిందని సంతోషించవచ్చు, నిజమే. కానీ నాన్నగారు ఆ లెక్కతో అడగడం లేదు, మీ మొహం చూసి అడుగుతున్నారు. ఆ డబ్బుతో వెళితే తొమ్మిదో రోజున మీ తలనొప్పికి నాలుగెకరాల బరువు తోడవుతుంది. అప్పుడు చదువు సాగదు.

ఆయన తోట ముట్టుకోకముందు చేయగలిగినవి ఉన్నాయి. స్కూల్ నిర్వాహకులకు ఈ వారమే రాయండి: రావాలని ఉంది, ఫెలోషిప్ ఆరు నెలలుగా అందలేదు, ఫీజు పూర్తిగా మాఫీ చేసి ప్రయాణానికి కొంత సహాయం చేయగలరా అని. నాలుగు వాక్యాలు, క్షమాపణలు వద్దు. వాళ్ళకు ఇలాంటివి కొత్త కాదు, ఇందుకోసం కొంత సొమ్ము పక్కన పెట్టుకునే స్కూళ్ళు చాలా ఉన్నాయి. ట్రియెస్టేలో అయితే ఫీజే ఉండదు. యువ పరిశోధకుల విదేశీ ప్రయాణానికి కేంద్ర ప్రభుత్వ నిధులు ఇచ్చే పథకం కూడా ఉంది, దానికి చాలా ముందుగా దరఖాస్తు చేయాలి. ఐరోపా వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు తీసుకుంటారు, చెన్నై వెళ్ళిరావడం ఒక రోజు పని. వీటిలో ఏదీ కుదరకపోతే డబ్బు లేక రాలేకపోతున్నానని రాయడంలో చిన్నతనం లేదు. నెలాఖరులోగా రాస్తే వెయిటింగ్ జాబితాలో ఉన్న ఇంకొకరికి ఆ సీటు అందుతుంది. చివరి నిమిషంలో మానేస్తే ఎవరికీ అందదు, మీ గైడ్ సిఫారసుకు కూడా మచ్చ.

రెండో దారి, ఈ ఏడు విదేశం మాని మన దేశంలో జరిగే స్కూల్‌కు వెళ్ళడం. సిద్ధాంత కణ భౌతికశాస్త్రంలో సెర్క్ స్కూళ్ళని దశాబ్దాలుగా జరుగుతున్నాయి. నిధులిచ్చే సంస్థ పేరు మారినా పరిశోధక విద్యార్థులు ఇప్పటికీ అలాగే అంటారు. వారాల తరబడి సాగుతాయి, ట్యుటోరియల్స్ ఎక్కువ, లెక్కలు చేతితో చేయిస్తారు. బోర్డు ముందు మీరు ఎక్కడ ఆగారో అక్కడే కూర్చోబెట్టి నేర్పే చోటు అది. రెండు వారాల్లో ప్రపంచమంతా తిప్పి చూపించే స్కూల్ కంటే మీకు ఇప్పుడు ఇదే మేలు కావచ్చని నా మనసుకు తోస్తోంది. దీనిలో నష్టం ఏమిటంటే మీ గైడ్‌కు నచ్చకపోవచ్చు. విదేశీ స్కూల్ వార్షిక నివేదికలో ఒక వరుస అవుతుంది, స్వదేశీ స్కూల్‌కు అంత మెరుపు ఉండదు. పైగా బయటి మనుషుల పరిచయం ఒక ఏడు వెనక్కి పోతుంది. పీహెచ్‌డీ తర్వాత పోస్ట్‌డాక్, అంటే తాత్కాలిక పరిశోధన ఉద్యోగం, వెతుక్కునేటప్పుడు ఆ పరిచయాలు అక్కరకు వస్తాయి, అది చిన్న విషయం కాదు.

ఎక్కడికీ వెళ్ళకుండా తిరుపతిలోనే కూర్చుని వీడియోలు చూడడం మూడోది. ఖర్చు లేదు, సిగ్గు లేదు, బోర్డు లేదు. అందుకే మీ విషయంలో దానికి నేను కొంచెం భయపడతాను. ఒంటరిగా చదవడం మీకు ఇప్పటికే బాగా వచ్చు. యేర్పేడు దగ్గర ఐసర్, ఐఐటీ రెండూ ఉన్నాయి. అక్కడ జరిగే సెమినార్లకు వెళ్ళి వెనక కూర్చున్నా ఎవరూ వద్దనరు. ఈ దారి పట్టేటట్టయితే వారానికి ఒక్కసారి బస్సెక్కి వెళ్ళడం దానిలో భాగం చేసుకోండి.

మానేయడం గురించి. మానేయడం పాపం కాదు. లెక్క, ప్రోగ్రామింగ్ వచ్చిన మనిషికి బెంగళూరులో పని దొరుకుతుంది, మీ స్నేహితులు తప్పు చేయలేదు. ఈ రంగంలో స్థిరమైన ఉద్యోగాలు తక్కువ, మీకు అది ఇప్పటికే తెలుసు. అయితే మూడో ఏట వదిలితే చేతికి ఏమీ రాదు, రెండేళ్ళు ఓపిక పడితే పట్టా చేతికి వస్తుంది. ఆ తర్వాత అదే బెంగళూరుకు వెళ్ళవచ్చు. ఆగిన ఫెలోషిప్ ఇంకా ఆరు నెలలు రాకపోతే ఈ లెక్క మారుతుంది. అప్పుడు మానేయడం గురించి నాకు మళ్ళీ రాయండి, సిగ్గుతో కాకుండా జమాఖర్చులతో రాయండి. "తగను" అనే మాట ఆ ఉత్తరంలో ఉండకూడదు.

సంబంధం విషయంలో నేను పెద్దగా చెప్పేదేమీ లేదు. అబ్బాయితో మీరు నేరుగా ఒకసారి మాట్లాడితే, చదువు ముగియడానికి రెండేళ్ళు పడుతుందని చెబితే, అతని జవాబే మీ అమ్మగారికి కూడా జవాబు అవుతుంది. సమ్మర్ స్కూల్ వల్ల పెళ్ళి ఆగుతుందని ఆమె భయమైతే, జూలైలో ఎలాగూ ఆషాఢం అడ్డు వస్తుందని గుర్తు చేయండి.

గైడ్ పదిమందిలో అన్న మాట అనవలసింది కాదు. విద్యార్థిని పంపేముందు ఏం చదువుకుని వెళ్ళాలో గంట కూర్చుని చెప్పి ఉంటే మీ నోటుపుస్తకం ఇంకోలా ఉండేది. పాతికేళ్ళు ఈ వృత్తిలో ఉన్నదాన్ని కాబట్టి మా వాళ్ళ తప్పు కూడా రాస్తున్నాను. అయినా సెమినార్ మీరు ఇవ్వవలసిందే. రెండు వారాల సారాంశం చెప్పాలనుకుంటే ఎప్పటికీ ఇవ్వలేరు. తొమ్మిదో రోజు ఉపన్యాసం ఒక్కటి తీసుకోండి. పాఠం చదివి, దానిలోని ఒక లెక్క బోర్డు మీద మొదటి నుంచి చివరి దాకా చేయండి. ఆ రోజు హాజరు కాలేదని చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. చెబితే గైడ్ మళ్ళీ ఒక మాట అనవచ్చు. చెప్పకపోతే ఎవరో అడిగే ప్రశ్నకు మీరు తడబడవచ్చు. నేనైతే గైడ్‌కు ముందు రోజు గదిలో ఒంటరిగా చెప్పి, సెమినార్‌లో ఎత్తకుండా ఊరుకుంటాను.

శాలువా సంగతి మిగిలింది. జిల్లా పేజీ రాసింది మీరు కాదు. మన విలేకరులకు కణ భౌతికశాస్త్రమంటే సెర్నే, 2012లో హిగ్స్ బోసాన్ వార్త వచ్చినప్పటి నుంచి ఇంకో పేరు గుర్తుండదు. దిద్దమని పత్రికకు రాసి ప్రయోజనం ఉండకపోవచ్చు, పాఠశాలకు మాత్రం ఒకసారి వెళ్ళి రండి. ప్రధానోపాధ్యాయుడితో జరిగింది చెప్పి, పదో తరగతి పిల్లలతో ఒక గంట మాట్లాడతానని అడగండి. నేను వెళ్ళింది సెర్న్‌కు కాదురా అని మొదలుపెట్టండి. కావలసినంత సరుకు ఉంది చెప్పడానికి. సెర్న్ పుట్టిన 1954లోనే తిరుపతిలో మన వెంకటేశ్వర విశ్వవిద్యాలయం పుట్టింది. ఆ సొరంగంలో టన్నుల బరువున్న అయస్కాంతాలను వెంట్రుకవాసి తేడా లేకుండా నిలబెట్టే వేలాది జాకీలు మన దేశంలో తయారయ్యాయి. ట్రాక్టరు జాకీ తెలిసిన పిల్లలకు అది చెబితే కళ్ళు పెద్దవవుతాయి. 2017 నుంచి భారతదేశం అక్కడ అనుబంధ సభ్య దేశం.

ఇంకా దగ్గరిది చెప్పాలంటే కోలారు బంగారు గనులు. వి.కోట, కుప్పం వైపు నుంచి ఎన్ని కుటుంబాలు అక్కడికి పనికి వెళ్ళాయో ఆ పిల్లల తాతలను అడిగితే తెలుస్తుంది. ఆ గనిలోనే, భూమికి రెండు కిలోమీటర్లకు పైగా లోతున, 1965లో ముంబైలోని మన టాటా పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు జపాన్, ఇంగ్లండ్ వాళ్ళతో కలిసి వాతావరణంలో పుట్టిన న్యూట్రినోల జాడ పట్టుకున్నారు. ప్రపంచంలో అప్పటికి ఎవరూ ప్రకటించనిది. అదే ఏడు దక్షిణాఫ్రికా గనిలో ఇంకో బృందం పట్టుకుంది. ఇది చెబితే శాలువా తిరిగి ఇమ్మని ఎవరూ అడగరని నా నమ్మకం. ఒకవేళ ఒక పిల్లవాడు "మరి పేపర్లో అబద్ధం రాశారా మేడమ్?" అని అడిగితే అవునని చెప్పాల్సి వస్తుంది, దానికి సిద్ధంగా వెళ్ళండి.

నెలాఖరుకు ఇంకా పద్దెనిమిది రోజులు ఉన్నాయని రాశారు. జూలై గురించి ఇవాళే తేల్చవద్దు. నిర్వాహకులకు ఫీజు గురించి రాసి, జవాబు వచ్చేవరకు తోట గురించి నాన్నగారిని ఆగమనండి.

ఈ లోపల బ్రెజిల్ అమ్మాయికి జవాబు రాయండి. డిసెంబరులో ఆమె ఏం అడిగిందో మీరు నాకు చెప్పలేదు. ట్రేస్‌ల గురించే అయి ఉంటుందని నా ఊహ. రెండు నెలలు ఆలస్యమైనందుకు ఒక్క వాక్యం చాలు. ఆ తర్వాత, తొమ్మిదో రోజు ఉపన్యాసానికి తను వెళ్ళిందా, నోట్స్ రాసుకుందా అని అడగండి. మీరు గదిలో పడుకున్న రోజున ఆమె ఎక్కడ కూర్చుందో మీకు తెలియదు కదా.